పైరులకు నులిపురుగుల నెదిరించు శక్తి

పైరును చూడబోయినవారు ఆకును చూతురు, పూతను చూతురు, కాయను చూతురు. వేరును చూచువారు అరుదు. వేరు మంటిలో దాగియుండును గనుక దాని బాధలు మన కంటబడవు. నీరు చాలినంత పెట్టినను మధ్యాహ్నమగుసరికి టమాటమొక్క వాడి తలవాల్చును, ఎరువు వేసినను వంగమొక్క గిడసబారును, ఆకులు పాలిపోవును. అప్పుడు రైతు నీటిని, ఎరువును, విత్తనములమ్మినవానిని, కడకు తన అదృష్టమును నిందించును. అంగడికిపోయి ఏదియో యొక మందు తెచ్చి ఆకులపై చల్లును. ఆ మొక్క నొకదానిని మెల్లగా పెల్లగించి వేళ్లను నీట కడిగి చూచినచో, అవి బుడిపెలు బుడిపెలుగా ఉబ్బి, వాతరోగి చేతివ్రేళ్లవలె వికారముగా కానవచ్చును. ఆ బుడిపెలలో నివసించు శత్రువు నులిపురుగు. ఈ శత్రువెట్టిది, దానినెదిరించు శక్తి కొన్ని మొక్కలకెట్లు కలిగినది, ఆ శక్తిని తక్కిన పైరులలోనికి మనుష్యులు ఏయే ఉపాయములచే తెచ్చుచున్నారు, దానినెంతవఱకు నమ్మవచ్చును అను సంగతులను మేమీ వ్యాసమున వివరింప నుద్దేశించితిమి.

పగిడ్యాల మొదలు నంద్యాల, ఆళ్లగడ్డల వఱకుగల మన సీమలో వ్యవసాయము లేని యిల్లు తక్కువ. కాలువనీరు, ఎత్తిపోతల నీరు, బోరునీరు లభించుకొలది పొలములు వట్టిగానుండు దినములు తగ్గుచున్నవి. ఒక పైరు తీసినవెంటనే మఱియొక పైరు వేయుచున్నాము. ఇది సంతోషింపదగిన విషయమే. అయితే సంవత్సరము పొడవునను పచ్చని వేళ్లు నేలలోనుండుట రైతునకెంత లాభమో, వేళ్లను తిని బ్రతుకు జీవికిని అంత లాభము. కావున ఈ విషయము పట్టణములలోని పండితులకు మాత్రమేగాక మన యిండ్లకును సంబంధించినదని చదువరులు గ్రహింతురుగాక.

నులిపురుగులనగా సన్నని దారపు తునకలవంటి శరీరముగల జీవులు. ఏటేట పాఠశాలలలో నులిపురుగుల నివారణ దినమున బాలబాలికలకు మాత్రలిత్తురుగదా. ఆ కడుపులోని పురుగులకును, పైరులనంటు ఈ పురుగులకును జ్ఞాతిత్వము గలదు. నేలలోని నులిపురుగులన్నియు చెడ్డవి కావు. పెక్కుజాతులు సూక్ష్మజీవులను తిని, క్రుళ్లిన పదార్థమును ఎరువుగా మార్చుటలో తోడ్పడును. మొక్కలను పీడించు జాతులు 4,100కు పైగా శాస్త్రజ్ఞులచే వర్ణింపబడినవి. వీనిలో వేరుబుడిపె పురుగుల కుటుంబము మిక్కిలి అపకారము చేయునది. వేరులో ప్రవేశించు వయస్సున ఆ పురుగు పొడవు అర మిల్లీమీటరునకు మించదు. సూక్ష్మదర్శని లేక దానిని చూడజాలము.

వీనిని మానవుడెఱిగి యెంతో కాలము కాలేదు. 1743లో జాన్ టర్బర్విల్ నీఢము అను క్రైస్తవ గురువు ఇంగ్లండున ముడుచుకొనిపోయిన గోధుమగింజ నొకదానిని చీల్చి నీటిబొట్టులో వేసి సూక్ష్మదర్శనితో చూడగా, దానిలోని తెల్లని పోగులు ప్రాణముతో కదలాడెను. పైరులనంటు నులిపురుగును మొదట కనిపెట్టినవాడతడే. 1855లో బర్క్లే అను మఱియొక గురువు దోసమొక్కల వేళ్లపై బుడిపెలను గుర్తించెను. మన దక్షిణదేశమున 1901లో సి. ఎ. బార్బరను వృక్షశాస్త్రజ్ఞుడు నీలగిరి ప్రాంతపు దేవాలయందు తేయాకుమొక్కల వేళ్లలో వేరుబుడిపె పురుగును కనుగొనెను. భారతదేశమున దీనినిగూర్చిన మొదటి వార్త యిదియే. నాడు మన కర్నూలుసీమయు ఆ దేవాలయు మద్రాసు రాజధానిలోనివే. 2020లో మనదేశపు పరిశోధకులు ప్రకటించిన అంచనా ననుసరించి, నులిపురుగులవలన పైరులకు నూటికి 21 పాళ్లకు పైగా, అనగా ఏటికి సుమారు 10,200 కోట్ల రూపాయల విలువగల పంట నష్టమగుచున్నది.

ఆ పురుగు చేయు పని తెలిసినగాని నిరోధమనగా నేమో తెలియదు. గ్రుడ్డునుండి వెలువడిన పిల్లపురుగు వేరు చివరకుజేరి లోనికి చొచ్చును. దాని నోట సూదివంటి సన్నని ముల్లు గలదు. ఆ ముల్లు లోపల బోలుగానుండును. దానితో వేరులోని కొన్ని కణములను పొడిచి తన లాలాజలమును వానిలోనికి ప్రవేశపెట్టును. ఆ లాలాజలములోని పదార్థములవలన కణములు తమ పనిని మఱచి, పురుగు పనికి లోబడును. అవి విపరీతముగా పెరిగి, ఒక్కొక్కదానిలో అనేక కేంద్రకములు కలిగి మహాకణములగును. మొక్క ఆకులలో వండుకొన్న ఆహారమంతయు వానిలోనికి ప్రవహించును. పురుగు కదలక అచ్చటనే కూర్చుండి త్రాగుచు, ఆడుదైనచో బేరిపండువలె ఉబ్బి, జిగురుసంచిలో 300 మొదలు 500 వఱకు గ్రుడ్లను పెట్టును. సాధారణముగా మన పొలములలో కనబడు జాతికి మగపురుగుతో పనియే లేదు; ఆడుదొక్కటియే సంతానమును కనును. నేల వెచ్చగానున్నప్పుడు ఈ చక్రమంతయు సుమారు నాలుగు వారములలో ముగియును. ఒక్క పురుగు పిల్లలలో పదియే బ్రతికినవనుకొన్నను, నాలుగుమాసముల పైరు ముగియునప్పటికి ఆ యొక్కటి పదివేలగును. విద్యార్థులు తామే గుణించి చూచుకొనవచ్చును.

ఇచ్చట నొక హెచ్చరిక చేయుట అవసరము. వేరుసెనగ, సెనగ, కంది, పెసర మున్నగు కాయజాతి మొక్కల వేళ్లపై సహజముగానే చిన్న బుడిపెలుండును. అవి గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిచ్చు సూక్ష్మజీవుల నివాసములు, రైతునకు మిత్రములు. అవి వేరునకు ప్రక్కగా అంటుకొనియుండి, వ్రేలితో నులిమిన సులభముగా ఊడివచ్చును. మంచి బుడిపెను చీల్చినచో లోపల గులాబివర్ణముండును. పురుగు బుడిపె యట్లుగాదు. వేరే ఉబ్బి బుడిపెయగును గనుక వేరు తెగక అది ఊడిరాదు. మిత్రుని శత్రువని భ్రమించి మందు పోయుటకంటె అవివేకము వేఱొకటి లేదు.

మన తెలుగుదేశమున నులిపురుగు నెదిరించిన కథ యొకటి కలదు. 1975–76 పంటకాలమున శ్రీకాళహస్తి ప్రాంతపు వేరుసెనగ పొలములలో నొక క్రొత్త తెగులు కనబడెను. మొక్కలు గిడసబారియుండెను, ఆకులు మాత్రము మామూలుకంటె ముదురు పచ్చగానుండెను. ఆకును చూచినవానికి రోగము తెలియదు. పెరికి చూడగా ఊడలపైనను, లేతకాయలపైనను పసుపుకలసిన గోధుమవర్ణపు మచ్చలుండెను. ఊడలు పొట్టివగును, తెగులు ముదిరినకొలది కాయపై డొక్కంతయు నల్లబడును. ఈ తెగులునకు కాళహస్తి తెగులను పేరు కలిగినది. పరిశోధకులు కారణమును వెదకి, ఇది వేరుబుడిపె పురుగు కాదనియు, బుడిపెలు కట్టక వెలుపలనుండియే పొడిచి తిను వేఱొక నులిపురుగు పని యనియు నిర్ణయించి, 1984లో ఆ విషయమును ప్రకటించిరి. తరువాత ఆ పురుగున్న నేలలోనే అనేక వేరుసెనగ రకములను వేసి, ఏది తట్టుకొనునో పరీక్షించిరి. అట్లు నిలిచిన వంగడములలో నుండి వచ్చినదే తిరుపతి 3 అను రకము. దానిలో ఏ క్రొత్త జన్యువును ఎవ్వరును చొప్పింపలేదు. వేరుసెనగజాతిలో నెక్కడనో దాగియున్న శక్తిని ఓపికతో వెదకి పైకి తెచ్చిరి, అంతియే. వేరుసెనగ తన పూవుతో తానే ఫలించు పైరగుటచే, రైతు తన కళ్లములోని గింజనే మరుసటి యేటికి విత్తనముగా నుంచుకొనవచ్చును. బీదరైతునకిది గొప్ప మేలు.

మందులు చల్లి పురుగును చంపరాదా యని కొందఱడుగవచ్చును. చంపవచ్చును, కాని పురుగు దాగినది మంటిలో. మంటినంతటిని విషముతో తడిపినగాని అది చావదు. ఆ విషము మిత్రజీవులను చంపును, బావినీటిలో దిగును, చల్లిన మనిషినంటును. డి.బి.సి.పి. అను నేలమందు అమెరికాలో చాలకాలము వాడబడినది. 1977లో దానిని తయారుచేయు కార్మికులలో పలువురు సంతానశక్తిని కోల్పోయినట్లు బయటపడగా దానిని మానిపించిరి. మిథైల్ బ్రోమైడు అను మఱియొక వాయువు భూమిని కాపాడు ఓజోను పొరను హరించునని తెలిసి, మాంట్రియల్ ఒప్పందము క్రింద క్రమముగా తొలగింపబడినది. ఇట్లు బలమైన మందులు ఒకటొకటిగా పోవుచుండగా, మొక్కకే ఆత్మరక్షణ నేర్పుట మేలను అభిప్రాయము నానాట బలపడినది.

మొక్కకు ఆత్మరక్షణ యెట్టిదో టమాట చరిత్రవలన తెలియును. మనము తిను టమాటజాతిలో వేరుబుడిపె పురుగునెదిరించు శక్తి లేదు. దక్షిణ అమెరికాలోని పెరూదేశపు కొండలలో పెరుగు ఒక అడవిటమాటకు ఆ శక్తి కలదు. అయితే రెంటికిని సంకరము చేసినచో విత్తనములోని పిండము పక్వము కాకమునుపే చచ్చును. 1944లో కాలిఫోర్నియాలో పి. జి. స్మిత్తను శాస్త్రజ్ఞుడు ఆ పిండమును చావకమునుపే వెలికిదీసి, గాజుపాత్రలో ఆహారమిచ్చి పెంచి మొక్కను చేసెను. నేడు వేరుబుడిపె నెదిరించు ప్రసిద్ధమైన టమాట రకములన్నింటి శక్తియు ఆనాటి ఆ సంకరమునుండి వచ్చినదే. దానికి కారణమైన జన్యువునకు ఎం-ఐ అని పేరు. మనదేశమున హిస్సారు విశ్వవిద్యాలయము వెలువరించిన హిస్సార్ లలిత్ అను టమాట రకము వేరుబుడిపె పురుగును తట్టుకొనునది. 1998లో పరిశోధకులు ఆ జన్యువును వేరుపఱచి, అది ఒక మాంసకృత్తును తయారుచేయు సూత్రమని తెలిసికొనిరి.

ఆ మాంసకృత్తు కావలివానివంటిది. పురుగు వేరులో చొచ్చి కణమును లోబఱచుకొనజూచిన వెంటనే అది పసికట్టును. వెంటనే పురుగు ముఖము చుట్టునున్న కణములు తమంతట తామే చచ్చును. మహాకణములు ఏర్పడవు. ఆహారము దొరకక పురుగు ఆకలిచే నశించును. కొన్ని కణములు పోయి మొక్క బ్రతుకును. ఊరికి నిప్పంటినప్పుడు ముందున్న గుడిసెను పీకివేసి తక్కిన యిండ్లను కాపాడినట్టిది ఈ పద్ధతి. పురుగును చంపు విషమేదియు ఇందులో లేదు.

అయితే ఈ కావలివానికొక బలహీనత గలదు. నేలవేడి 28 డిగ్రీల సెంటిగ్రేడును మించినచో ఎం-ఐ జన్యువు సరిగా పనిచేయదు. నంద్యాలసీమ వేసవి యెండలనుగూర్చి మన పాఠకులకు మేము చెప్పనక్కఱలేదు. కార్తికమాసపు నాటులో చక్కగా నిలిచిన నిరోధక రకము ఫాల్గుణ చైత్రములలో పురుగుపాలగుట కిదియే కారణము కావచ్చును. అట్టియెడ విత్తనము మోసమని తొందరపడి యనరాదు. ఏ కాలమున నాటితిమి, నేలపై గడ్డి పఱచి చల్లబఱచితిమా యని మొదట విచారింపవలయును.

వేరుసెనగలోను ఇట్టి యత్నమే జరిగినది. మనము పండించు వేరుసెనగకు 40 క్రోమోజోములు. అడవిజాతులలో చాలవానికి 20 మాత్రమే. కావున వానికి సంకరము పొసగదు. టెక్సాసు రాష్ట్రపు శాస్త్రజ్ఞులు మూడు అడవిజాతులను కలిపి, వాని క్రోమోజోములను రెట్టింపుచేసి, పిదప పెంపుడు వేరుసెనగతో సంకరము చేసి, తరతరములు ఏఱి, 1999లో కోన్ అను రకమును వెలువరించిరి. వేరుబుడిపె నెదిరించు వేరుసెనగలలో అదియే మొదటిది. దాని దిగుబడి తక్కువగానుండుటచే పని నాపక, 2002లో నెమటామ్ అను మెఱుగైన రకము నిచ్చిరి. ఇట్టి పనులకు అడవిజాతుల విత్తనములు భద్రముగా దొరకవలయును. 1972లో హైదరాబాదు చేరువ పటాన్‌చెరువున స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థలో వేరుసెనగ, జొన్న, సజ్జ, సెనగ, కంది పైరుల విత్తనభాండారము కలదు. ఎందుకును కొఱగాని కలుపుమొక్కయని మనము తలంచునది రేపటి పైరునకు ప్రాణదాత కావచ్చునని ఈ కథలు బోధించుచున్నవి.

ఇంతవఱకు చెప్పినది సంకరమార్గము. అందు కాలము చాల పట్టును; జ్ఞాతిత్వము లేని జాతులనుండి గుణమును తెచ్చుటకు వీలులేదు. కావున ఇటీవలి శాస్త్రజ్ఞులు జన్యువునే నేరుగా మార్చు మార్గములను వెదకిరి. వానిలో మూడింటిని వివరించెదము.

మొదటిది ఒక జీవి జన్యువును మఱియొక మొక్కలో చొప్పించుట. పురుగు తన ఆహారమును అఱిగించుకొనుటకు కొన్ని పాచకరసములు కావలయును. మొక్కజొన్నగింజలో ఆ రసమును పనిచేయనీయని మాంసకృత్తొకటి సహజముగానే కలదు. మనము ప్రతిదినము తినినను మనకు హానిలేదు. ఇంగ్లండులోని లీడ్స్ విశ్వవిద్యాలయపు శాస్త్రజ్ఞులు ఆఫ్రికాలోని పరిశోధకులతో కలసి ఆ జన్యువును కూర అరటిలో చొప్పించిరి. దానితోబాటు, పురుగు వేరును వాసనపట్టి చేరుకొను శక్తిని చెఱచు మఱియొక చిన్న మాంసకృత్తును గూడ పరీక్షించిరి. ఇది పురుగును చంపదు, దారి తప్పించును. యుగాండాదేశపు పొలములో పెంచి చూచిన ఫలితములు 2015లో వెలువడినవి. అన్నింట మేలైన మొక్కలకు తొలి గెల కోతనాటికి నూటికి 99 పాళ్ల నిరోధము కలిగెను. మహానంది చుట్టుప్రక్కల అరటితోటలు గల మనకు ఈ వార్త ఆసక్తికరము కాకపోదు.

రెండవది పురుగులోని జన్యువునే మూగదానిగా చేయుట. 1998లో ఆండ్రూ ఫైర్, క్రెయిగ్ మెల్లో అను శాస్త్రజ్ఞులును వారి సహచరులును, నేలలో బ్రతుకు ఒక నిరపాయకరమైన నులిపురుగునందు ఆర్.ఎన్.ఏ. అను పదార్థపు జంటపోగులను ప్రవేశపెట్టగా, ఆ పోగులకు సరిపోలు జన్యువు పనిచేయుట మానెను. ఈ పరిశోధనకై వారిద్దఱికిని 2006లో నోబెల్ బహుమానము లభించినది. ఆ సంవత్సరమే అమెరికాలోని జార్జియా విశ్వవిద్యాలయము వారు, పురుగు లాలాజలములోని ఒక ముఖ్యపదార్థమును మాన్పగల జంటపోగులను ఆవజాతి చిన్నమొక్కలో పుట్టించిరి. ఆ మొక్క వేరును త్రాగిన పురుగు తన ఆయుధమును తానే పోగొట్టుకొనెను. నాలుగు జాతుల వేరుబుడిపె పురుగులను ఆ మొక్క యెదిరించెను.

మూడవది క్రొత్తదేమియు చేర్పక, మొక్కలోనున్న జన్యువునే సవరించుట. పురుగు మహాకణములను కట్టుటకు మొక్కలోని కొన్ని జన్యువుల సాయము పొందును. అట్టి జన్యువును తగురీతిని సవరించినచో దొంగకు లోపలినుండి తలుపుతీయు పనివానిని తొలగించినట్లగును. ఈ పనిముట్టు మనకు దూరదేశపుది కాదు. బాపట్లలో పుట్టి, మన కాలువక్రింది మడులలోను చక్కగా పండుచున్న సాంబమసూరి వరిని హైదరాబాదులోని వరి పరిశోధనాలయము వారు ఈ మార్గముననే సవరింపగా, డి.ఆర్.ఆర్. ధాన్ 100, మారుపేర కమల, అను రకమేర్పడినది. 2025 మే నెలలో అది ప్రకటింపబడినది. దాని ఉద్దేశము అధికమైన దిగుబడి. నులిపురుగులతో దానికి సంబంధము లేదు. అయినను పనిముట్టు చేతికివచ్చిన తరువాత దానిని ఏ శత్రువుపైనైనను ప్రయోగించి చూడవచ్చును.

జన్యువు చొప్పించిన పైరులలో మనదేశమున వాణిజ్యముగా పండించుచున్నది 2002లో అనుమతి పొందిన బి.టి. ప్రత్తి యొక్కటే. అట్టి వంగకు 2010లో ప్రభుత్వము నిలుపుదల విధించెను. నులిపురుగు నెదిరించుటకై జన్యువు చొప్పించిన పైరేదియు మన రైతులకు అందలేదు. ఇట్టి పైరులను తినవచ్చునా, ప్రక్కపొలములోని మొక్కలకు ఆ గుణము పోవదా, విత్తనముపై అధికారము రైతునకుండునా లేక అమ్మువానికి పోవునా అని పెద్దలు అడుగుచున్నారు. ఈ ప్రశ్నలు అజ్ఞానమువలన పుట్టినవని త్రోసివేయుట తగదు. ఒక్కొక్క పైరును ఒక్కొక్క గుణమును వేఱువేఱుగా పరీక్షించి, ఫలితమును అందఱి యెదుట పెట్టుటయే వీనికి సరియైన ప్రత్యుత్తరము. అన్నియు విషమనుటయు, అన్నియు అమృతమనుటయు రెండును తొందరపాటులే.

ఇక మేము ముఖ్యముగా చెప్పదలచినది ఒకటి కలదు. నిరోధశక్తి అడవిజాతి నుండి వచ్చినను, పరిశోధనాలయమునుండి వచ్చినను, అది పెద్దలు కూడబెట్టి యిచ్చిన మూలధనమువంటిది. దానినొక్కదానినే నమ్మి ప్రతియేడు ఖర్చుపెట్టినచో తఱిగిపోవును. ఏలయన, లక్షలకొలది పురుగులలో ఏ కొన్నియైనను ఆ శక్తిని తప్పించుకొనగలవిగా పుట్టును. అదే రకమును అదే పొలములో మఱలమఱల వేసినచో తక్కినవి చచ్చి, అవి మాత్రమే సంతానమును పెంచును. అమెరికాలో సోయాచిక్కుడు రైతులు నులిపురుగు నెదిరించు శక్తిని పెక్కేండ్లు ఇంచుమించుగా ఒకే మూలమునుండి తీసికొనిరి. నేడచ్చటి పురుగులు అనేకస్థలములలో దానికలవాటుపడినవి. అంతదూరము పోనేల? బి.టి. ప్రత్తిలో గులాబిరంగు కాయతొలుచు పురుగు సంగతి మన రైతులెఱుగనిది కాదు. మొదటి రకమునకు అది గుజరాతున అలవాటుపడినట్లు 2010 నాటికే తెలిసినది. తరువాత కొన్ని యేండ్లలోనే రెండు విషకృత్తులుగల రెండవ రకమును గూడ అది జయించెను. జామతోటలలో వ్యాపించుచున్న ఒక వేరుబుడిపె పురుగుజాతి టమాటలోని ఎం-ఐ జన్యువును లక్ష్యపెట్టదు. కావున ఏ జన్యువును శాశ్వతమైన కోటగోడ కాజాలదు.

అయినచో ఆ మూలధనమును కాపాడుకొను ఉపాయమేమి? అది పాతదే, మన తాతలలో పలువురెఱిగినదే. టమాట, వంగ, మిరప, బెండ, దోసజాతులను ఒకదాని వెనుక నొకటి అదే చేనిలో వేయరాదు. ఇవన్నియు వేరుబుడిపె పురుగునకు విందులే. నడుమ జొన్నవంటి తృణధాన్యమునో, నువ్వునో, బంతినో వేయవలయును. బంతివేళ్లనుండి వెలువడు పదార్థము పురుగులకు హానికరము. నీరు నిలుచు వరిమడి తరువాత కూరగాయల పురుగు తగ్గును. వేసవిలో లోతుగా దున్ని నేలను ఎండబెట్టినచో పైకివచ్చిన పురుగులును గ్రుడ్లును ఎండకు మాడును. మన ఎండకు ఇట్టి మేలు గూడ కలదు. నారుమడిలో వేపపిండి కలుపుట మంచిది. అన్నింటికంటె ముఖ్యము నారును, అంట్లను కొనునప్పుడు వేళ్లను చూచుట. పురుగు తనంతట తాను ఏటికి కొద్దియడుగులకంటె ఎక్కువ ప్రాకలేదు. దూరదేశములకు దానిని మోసికొనిపోవువారు మనమే. బుడిపెలున్న నారు ఒక్కకట్ట మంచి చేనిని పెక్కేండ్లు చెఱుపగలదు. ఈ పనులతో నిరోధక రకమును జతచేసినచో పురుగుల సంఖ్య తక్కువగానుండును. తక్కువగానున్నవానిలో తప్పించుకొనగలవి పుట్టుటయు అరుదగును.

అనుమానము కలిగినప్పుడు మందులంగడికి పోకముందు, వేళ్లతోకూడ మొక్కను, వేరుచుట్టునున్న తడిమంటిని ఒక సంచిలో కట్టి, తెలిసినవారికి చూపుట ఉత్తమము. 1906లో స్థాపింపబడిన వ్యవసాయ పరిశోధనా స్థానము మన నంద్యాలలోనే యున్నది. నూఱేండ్లకు పైబడి ప్రత్తి, జొన్న, కొఱ్ఱ మున్నగు పైరులపై పనిచేయు అట్టి సంస్థ చేరువనుండగా, ఆకుపై మచ్చను చూచి ఊహించి వందలకొలది రూపాయలు చల్లుట ఏమి న్యాయము?

మా విద్యార్థులకు కడపట నొక మాట. సెలవులలో ఇంటికి పోయినప్పుడు మీ పెరటిలోని వాడిన టమాటనో వంగనో ఒకదానిని పెరికి, కడిగి, బుడిపె ఊడివచ్చునో రాదో చూడుడు. చూచినది పెద్దలకు వినయముతో చెప్పుడు. వారు ఏండ్ల తరబడి ఆ చేనిని చూచినవారు. మీకు పుస్తకము తెలియును, వారికి నేల తెలియును. రెండును కలసినప్పుడే లాభము. సువార్తలోని విత్తువాని ఉపమానమున, త్వరగా మొలిచి ఎండవేళ మాడిన మొక్కలకు కొఱత వేరునందేయని మనము చిన్ననాటినుండి వినుచున్నాము. పొలమునకును ఆ మాట అక్షరాల చెల్లును. ఆకుపచ్చగానుండుట చాలదు, వేరు ఆరోగ్యముగానుండవలయును. దానిని వంగిచూచు ఓపిక మన పిల్లలకు అలవడినచో, శాస్త్రజ్ఞులు ఎంతో శ్రమపడి సంపాదించియిచ్చిన ఆ నిరోధశక్తి మన చేలలో చిరకాలము నిలుచును.